ఆసామి గేటు

కొత్తగా డ్యూటీలో చేరిన ఆడపిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న చిల్లర గురించి. రెండోది తాగి బస్సెక్కేవాళ్ళ గురించి. ఉద్యోగమంతా చేసినా ఈ రెండింటికీ నాకు జవాబు దొరకలేదు. అందుకని ఒక స్టాపు సంగతి చెబుతాను. కాఫీ అయ్యేదాకా లేవడం బాగుండదు కాబట్టి వాళ్ళు మర్యాదగా వింటారు. ఇప్పుడు దాన్ని రాసి పెడుతున్నాను. కాఫీ పొడి మిగులుతుంది.

మాది మిడుతూరు వైపు పల్లె. మా నాయన చర్చి బడిలో పంతులు. నేను నంద్యాలలో బస్సు కండక్టరుగా చేశాను. చివరి ఏళ్ళలో నాకు నంద్యాల - ఆళ్ళగడ్డ రూటు పడింది. పెద్ద రోడ్డు మీద దూసుకుపోయే బస్సు కాదు. పొలాల మధ్య దారిలో, చెయ్యెత్తిన ప్రతి పల్లె దగ్గరా ఆగుతూ పోయే బస్సు. పెద్ద రోడ్డు బస్సు ఆళ్ళగడ్డ చేరి, అక్కడి వాళ్ళు టీ తాగి, మళ్ళీ బయలుదేరేటప్పటికి మేము సగం దారిలో ఎవరిదో మిరపకాయల మూట లోపలికి లాగుతూ ఉండేవాళ్ళం.

నా డ్రైవరు ఆ దారిలోని ఊరివాడే. ఒకప్పుడు చాలా భూమి ఉన్న కుటుంబం. పంపకాల్లో కొంత పోయి, బోర్లు ఎండి కొంత పోయి, ఆయన వాటాకు వచ్చేసరికి స్టీరింగు మిగిలింది. నేను ఆయన్ను అన్నా అనేదాన్ని. ఆయన నన్ను అక్కా అనేవాడు. ఇద్దరిలో ఎవరు పెద్దో ఎప్పుడూ తేల్చుకోలేదు. మధ్యాహ్నం ఆళ్ళగడ్డ బస్టాండులో క్యారియర్లు విప్పి కూరలు మార్చుకునేవాళ్ళం. మనిషి మాటలో పొదుపు. బస్సు చెడిపోయినప్పుడు మాత్రం కాస్త ఎక్కువ మాట్లాడేవాడు, అది కూడా బస్సుతో.

వాళ్ళ ఊరి స్టాపుకు ఒక మనిషి పేరుంది. ఆ మనిషి మా డ్రైవరుకు ముత్తాత. ఆ పేరు ఇక్కడ రాయను. దాన్ని పెద్ద అక్షరాల్లో రాయబోయే కదా ఇంత జరిగింది! ఊళ్ళో ఆయన్ను ఆసామి అనేవాళ్ళు కాబట్టి ఆసామి గేటు అని రాస్తాను. గేటు అంటే అప్పట్లో ఆయన పొలాలకు పోయే దారికి రెండు రాతి కంబాలు ఉండేవట. నేను చూసేనాటికి అవీ లేవు. ఒక మలుపు, ఒక టీ అంగడి, రోడ్డుకు ఇవతల ఊరు, అవతల పేట. అంతే.

ఆ గేటు గురించి నేను రెండు కథలు విన్నాను. రెండూ బస్సులోనే విన్నాను. చెప్పినవాళ్ళిద్దరూ టికెట్టు తీసుకున్నవాళ్ళే.

మొదటిది చెప్పింది మా డ్రైవరుకు పెద్దనాయన. ఊళ్ళో పెద్ద మనిషి, తెల్ల పంచె, బస్సెక్కితే ఎవరో ఒకరు లేచి సీటిచ్చేవాళ్ళు. ఆసామి ఈయనకు సొంత తాత. పెద్ద కరువు వచ్చినప్పుడు ఆసామి గేటు దగ్గర గంగాళాలు పెట్టించి చుట్టుపక్కల పల్లెలకు గంజి పోయించాడట. "మా జేజినాయన లేకుంటే ఈ దావన మనిషి మిగిలేటోడు కాదు" అనేవాడు.

రెండోది చెప్పింది పేటలో ఉండే ఒక ముసలామె. రోజూ ఆకుకూరల గంప పెట్టుకుని నంద్యాలకో ఆళ్ళగడ్డకో వచ్చేది. అదే కరువులో, పేటలోని ముగ్గురు కూలీలు ఆసామి జొన్నల పాతర తవ్వి గింజలు తీశారట. ఆసామి వాళ్ళను గేటు కంబాలకు కట్టించి ఎండలో వదిలేశాడట. ముగ్గురూ అక్కడే చనిపోయారు. అందులో ఒకాయన ఈమెకు జేజినాయన. గంజి కోసం వరుసలో నిలబడినవాళ్ళంతా చూస్తూ నిలబడ్డారట.

రెండూ నిజమేనేమో అనిపించేది నాకు. ఒక చేత్తో గంజి పోయించి, రెండో చేత్తో తాడు కట్టించి ఉండవచ్చు. దేవుడు మనిషికి ఇచ్చిందే రెండు చేతులు.

ఇంత జరిగినా ఆ పేరుతో ఎవరికీ గొడవ లేదు. పేటవాళ్ళు కూడా ఆ పేరే చెప్పి టికెట్టు తీసుకునేవాళ్ళు. కాకపోతే ఊరివాళ్ళు పేరు చివర గారు తగిలించేవాళ్ళు, పేటవాళ్ళు తగిలించేవాళ్ళు కాదు. "వాని గేటు కాడ ఒకటియ్యి" అనేవాళ్ళు. తరాలుగా వాళ్ళు తీర్చుకుంటున్న పగ అదొక్కటే. మిషను ఇచ్చే టికెట్టు మీద కూడా గారు ఉండేది కాదు, అక్షరాలు పట్టవని.

గొడవ ఆ గారుతోనే మొదలైంది.

గంజి కథ చెప్పిన పెద్దాయన తన సొంత ఖర్చుతో అక్కడొక బస్సు షెల్టరు కట్టించాడు. మంచి పనే. ఎండకు నిలబడే ఆడవాళ్ళంతా సంతోషించారు. సున్నం ఆరాక పెయింటరు వచ్చి దాని నెత్తిన "అన్నదాత, ధర్మప్రభువు" అని మొదలుపెట్టి, ఆసామి పేరు నిండుగా రాసి, గారు కూడా చేర్చాడు. దాని పక్కన పెట్టడానికి ఆళ్ళగడ్డలో రాతి విగ్రహం చేయించారు, నడుము దాకా. ఆళ్ళగడ్డ శిల్పులకు దేవుళ్ళను చెక్కడం చేతనైన పని. దేవుడి ముఖం ఎలా ఉంటుందో శాస్త్రంలో రాసి ఉంటుంది. ఆసామి ముఖం ఎక్కడా రాసి లేదు. ఫోటో కూడా లేదు. శిల్పి ఆలోచించి పెద్దాయన్నే ఎదురుగా కూర్చోబెట్టి, ఆ ముఖానికి వయసు తగ్గించి, మీసం పెంచి చెక్కాడు.

పెద్దాయనకు వయసు తగ్గిస్తే వచ్చేది మా డ్రైవరు.

విగ్రహం దింపిన మరుసటి ఉదయం మా బస్సు అక్కడ ఆగింది. ఆవిష్కరణ కోసం కప్పిన గుడ్డ గాలికి జారి ఉంది. బస్సులోని వాళ్ళు ఒకసారి కిటికీలోంచి రాతి ముఖాన్ని, ఒకసారి అద్దంలో డ్రైవరు ముఖాన్ని చూశారు. ఆకుకూరల పెద్దమ్మ గంప ఎత్తుకుని మెట్టెక్కుతూ, "ఏందప్పా, రేత్రికి రేత్రే రాయైపోయినావు" అంది. ఆయన గేరు వేశాడు.

ఆ రోజు సాయంత్రం పేట ఆడవాళ్ళు షెల్టరు ముందు కూర్చున్నారు. ఆవిష్కరణ ఆగింది. వాళ్ళు అడిగింది చిన్న మాటే. నోట్లో ఉన్న పేరు నోట్లోనే ఉండనివ్వండి, గోడ మీద ధర్మప్రభువు అంటే మాత్రం ఒప్పుకోము, అలా రాసేటట్టయితే అసలు పేరే మార్చండి అన్నారు. ఊరివాళ్ళు మార్చడానికి వీల్లేదన్నారు. రెండు వైపుల నుంచీ నంద్యాలకు అర్జీలు వెళ్ళాయి. పేరు మారుతుందని తెలియగానే మూడో వైపు కూడా పుట్టింది. పార్టీల కుర్రాళ్ళు ఎవరి నాయకుడి పేరు వాళ్ళు తెచ్చారు. ఆ నాయకుల్లో ఒక్కరు కూడా ఆ మలుపు దగ్గర ఎప్పుడూ బస్సు దిగినవాళ్ళు కారు.

విగ్రహానికి ఎరువు సంచులు కప్పి తాడు చుట్టారు. ఒక కానిస్టేబులును కాపలా పెట్టారు. ఆయన ఉదయం మా బస్సులో దిగి, సాయంత్రం మా బస్సులోనే తిరిగి వచ్చేవాడు. "ఏం డ్యూటీ సార్?" అని అడిగితే "మూట" అనేవాడు.

ఇక మా డిపో మేనేజరు సంగతి. మంచి మనిషి, కానీ ఫోను మోగితే ఉలిక్కిపడేవాడు. ఒకరోజు నన్ను పిలిచాడు.

"మేడం, ఆ స్టాపు వచ్చినప్పుడు మీరు ఏమని పిలుస్తున్నారు?"

"ఆసామి గేటు అని సార్."

"అనకండి. రెండు వర్గాలూ ఫోన్లు చేస్తున్నాయి."

"మరేమనాలి సార్?"

ఆయన చాలాసేపు పంకా వైపు చూశాడు. "మలుపు అనండి" అన్నాడు.

అప్పట్నుంచి మలుపు అన్నాను. నంద్యాల నుంచి ఆళ్ళగడ్డకు మేము పోయే దారిలో తిన్నగా ఉన్న చోటు తక్కువ. నేను మలుపు అనగానే ఎక్కడెక్కడి వాళ్ళో లేచి దిగేవాళ్ళు. బస్సు కదిలాక పొలాల మధ్య నిలబడి మమ్మల్ని తిట్టేవాళ్ళు. కొత్తపల్లె నుంచి పెళ్ళిచూపులకు వచ్చిన ఒక కుటుంబం పూలూ పండ్లతో సహా ఎవరిదో పత్తి చేనిలో దిగిపోయింది. ఆ సంబంధం కుదిరిందో లేదో నాకు తెలియదు. అడిగే ధైర్యం లేదు.

ఫిర్యాదులు ఇంకా పెరిగాయి. మేనేజరు ఈసారి శాశ్వతంగా ఆలోచించాడు. పేరు తేలేదాకా అక్కడ స్టాపే లేదు, బస్సులు ఆగవలసిన పని లేదు అని ఆర్డరు వేశాడు. పేరు లేకపోతే గొడవ లేదు కదా అని ఆయన లెక్క.

గొడవ లేదు నిజమే. కానీ పేటలో నూటికి తొంభై మంది కూలికి పోయేవాళ్ళు. ఊళ్ళో వాళ్ళకు మోటారు సైకిళ్ళు ఉన్నాయి. పేరు పోయినా పెద్దాయనకు ప్రయాణం పోలేదు. నడక ఎవరికి వచ్చిందో చెప్పనక్కర్లేదు. పక్క ఊరి స్టాపు దాకా ఎండలో నడిచి వస్తే అప్పటికి కూలికి పిలిచే మేస్త్రీ వెళ్ళిపోయి ఉండేవాడు.

ఆర్డరు వచ్చిన మొదటి ఉదయం మేము ఆపకుండా పోయాం. ఆడవాళ్ళు మామూలుగా చేతులెత్తారు. బస్సు ముందుకు పోతూనే ఉంటే ఎత్తిన చేతులు అలాగే ఉండిపోయాయి. వెనక అద్దంలోంచి చూశాను. పెద్దమ్మ నెత్తి మీద గంప దించి కింద పెట్టి, దాని పక్కన కూర్చుంది. డ్రైవరు కూడా అద్దంలోకే చూస్తున్నాడు. ఆళ్ళగడ్డ దాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. మామూలుగా కూడా పెద్దగా మాట్లాడుకునేది లేదు గానీ, ఆ రోజు మాట్లాడుకోకపోవడం వేరు.

అన్నం దగ్గర నేనే కదిలించాను.

"ఏమనుకుంటాండావన్నా? పేరు తీసేయాలనా, ఉంచాలనా?"

"తీసేస్తే ఆయప్ప చేసింది పోతాదా?"

"అయితే ఉంచాలంటావు."

"ఉంచితే ఎవరికేం మంచి? నన్నడగొద్దక్కా. నాకు బ్రేకూ క్లచ్చీ తెలుసు."

నాకు కోపం వచ్చింది. మాదీ పేట మనుషుల ఇల్లే. మా నాయన బడిపంతులు కాకముందు మా తాతలు ఎవరి చేలో ఎలా బతికారో మాకు వీసమంత కూడా తెలియదు. "నీకేమప్పా, మీ ముత్తాతకు మంచిదో చెడ్డదో పేరన్నా మిగిలింది" అన్నాను.

ఆయన క్యారియరు మూత పెట్టేశాడు. ఆ రోజు కూరలు మారలేదు.

కానీ తిరుగు ప్రయాణంలో ఆ మలుపు దగ్గర బస్సు ఆగింది. నేను హోల్డాన్ అనలేదు. ఆయనే ఆపాడు. పక్క ఊరి నుంచి నడిచి వస్తున్న పేట ఆడవాళ్ళను దారిలోనే ఎక్కించుకుని ఉన్నాం. వాళ్ళు గబగబా దిగారు. "ఏందన్నా ఆపినావు?" అన్నాను. "బర్రె అడ్డమొచ్చింది" అన్నాడు. రోడ్డు మీద నాకు బర్రె కనబడలేదు. సాయంత్రం ఎండ కళ్ళలో కొడుతోంది, ఉన్నా కనబడదు అనుకున్నాను.

ఆ తర్వాత ప్రతి ట్రిప్పులోనూ ఆ మలుపు దగ్గర బర్రె అడ్డం వచ్చేది. ఎవరో ఫిర్యాదు చేశారు. చెకింగు వాళ్ళు కాపు కాసి పట్టుకున్నారు. ఇద్దరికీ మెమోలు వచ్చాయి, విచారణకు పిలిచారు. విచారణ చేసిన అధికారి గంభీరమైన మనిషి. ప్రతి మాటా రాసుకునేవాడు.

"ఆర్డరు ఉండగా అక్కడ ఎందుకు ఆపారు?"

"బర్రె అడ్డమొచ్చింది సార్" అన్నాడు డ్రైవరు.

"పోయేటప్పుడా, వచ్చేటప్పుడా?"

"పోయేటప్పుడు వచ్చింది సార్. వచ్చేటప్పుడు అది మల్ల ఇంటికి పోవాల గదా."

"రోజూ అదే బర్రెనా?"

"పేరు అడగలేదు సార్. ఈ మధ్య ఆడ పేర్లు అడిగితే గొడవలయితాండాయి."

అధికారి అది కూడా రాసుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "బర్రె దాటుతుంటే జనం ఎలా ఎక్కారు?"

"తలుపు తెరిచి ఉంది సార్" అన్నాను.

ఇద్దర్నీ రాతపూర్వకంగా మందలించారు. డ్యూటీల్లో అడ్డం వచ్చే పశువుల పట్ల జాగ్రత్తగా ఉండవలసిందని ఆ కాగితంలో ఉంది. మేము జాగ్రత్తగానే ఉన్నాం. రోజూ ఆపాం.

ఇలా లాభం లేదని నంద్యాల నుంచి ఒక ఆఫీసరు వచ్చి ఆ మలుపు దగ్గరే సభ పెట్టాడు. రెండు వైపుల మాటా విని అక్కడికక్కడే తేలుస్తానన్నాడు. మా బస్సు ఉదయం ట్రిప్పు అక్కడికి చేరేసరికి రోడ్డంతా మనుషులే. ఊరివాళ్ళు షెల్టరు వైపు కుర్చీల్లో, పేటవాళ్ళు రోడ్డు మీద నేలన. మధ్యలో ఆఫీసరు, పక్కన ఎరువు సంచుల మూట. ముందుకు పోయే దారి లేదు. డ్రైవరు ఇంజను ఆపేశాడు. ప్రయాణికులు కిటికీల్లోంచి తలలు బయటపెట్టారు. కదలని బస్సులో అంతకన్నా చేసేది ఏముంది?

పెద్దాయన మాట్లాడుతున్నాడు. "మా జేజినాయన గంజి పోసినాడు సార్. రోడ్డుకు భూమిచ్చినాడు. బడికి బాయి తవ్విచ్చినాడు. ఆ బాయి నీళ్ళు తాగినోళ్ళే ఈ పొద్దు ఆయన పేరు తీసేయమంటాండారు. చంపినాడు చంపినాడు అంటారే, ఎవర్ని చంపినాడు? ఒక్క పేరు చెప్పమనండి. పేరు చెప్తే నేనే నా చేత్తో ఈ గోడ మింద రాతను చెరిపేస్తా."

ఊరివాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆఫీసరు పేట వైపు చూశాడు. పేటవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పెద్దమ్మ నెమ్మదిగా లేచింది. పేటలో అంత వయసున్న మనిషి ఆమె ఒక్కతే.

"పేరు నాకు తెలీదు సామీ" అంది.

పెద్దాయన ఆఫీసరుతో "ఇన్నారు గదా" అన్నాడు.

"ఆయప్ప మా జేజికి మొగుడు. మా జేజి మొగుని పేరు నోటెంట పలుకుతాదా? ఆ కాలం ఆడోళ్ళు పలకరు గదా. బతికినన్నాళ్ళూ 'మీ జేజినాయన, మీ జేజినాయన' అనే అనింది. మా నాయన అప్పటికి కడుపులో ఉండాడు. మిగిలిన ఇద్దరి ఇండ్లు కరువులో యాడికో ఎల్లిపాయ. ఇంగ మాకు పేర్లు ఎవురు చెప్తారు? ఆ యమ్మ మర్యాదకు పలకలేదు, మాకు పేరే లేకుండా పోయింది. వాళ్ళను కట్టేసినోని పేరు మాత్రం నేను దుడ్లిచ్చి టికెట్టు కొన్నప్పుడల్లా నా చేతికే ఇస్తాంది ఈ కండక్టరమ్మ."

ఆ మాటకు అందరూ బస్సు వైపు తిరిగారు. నేను మెట్టు మీద నిలబడి ఉన్నాను. మెడలోని మిషనును చేతులతో కప్పుకున్నాను.

"సాక్ష్యం లేని మాటలు సార్ ఇవి" అన్నాడు పెద్దాయన. కానీ గొంతు ముందున్నంత గట్టిగా లేదు.

అప్పుడు డ్రైవరు సీటు పక్క తలుపు తెరుచుకున్న చప్పుడు అయింది. ఆయన దిగి, జనంలోంచి దారి చేసుకుంటూ పోయి, ఆ మూట పక్కన నిలబడ్డాడు. ఖాకీ చొక్కా, చేతిలో తుడుచుకునే గుడ్డ.

"పెద్దనాయనా, గేటు కంబం ఒకటి మన పశువుల కొట్టంలో ఉండాది గదా" అన్నాడు.

"ఉంటే?"

"అవ్వ ప్రతి అమాసకూ దాని కాడ సంగటి ముద్దలు పెడతాండె. నువ్వూ చూసినావు, నేనూ చూసినా. చిన్నప్పుడు నేను అడిగినా, ఎవురికవ్వా అని. కాకులకు అనింది. కాకులకైతే మిద్దె మింద పెట్టాల గదా, కొట్టంలో ఎందుకు అన్నా. నోరు మూసుకో అనింది." ఆయన చేతిలోని గుడ్డను మడిచి మళ్ళీ విప్పాడు. "మూడు ముద్దలు సార్. రెండు గాదు, నాలుగు గాదు. కొట్టానికి కాకులు మూడే వస్తాయని ఎవురు చెప్పినారు మా అవ్వకు?"

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పెద్దాయన కుర్చీలోంచి లేవలేదు, కొడుకు వరుస మనిషి ముఖంలోకి చూస్తూ ఉండిపోయాడు. ఆ ఇద్దరి మధ్యా ఎరువు సంచుల్లో అదే ముఖం ఇంకోటి ఉంది.

ఆఫీసరు చేతిలోని కాగితం తిప్పాడు. "సరే. మరి కొత్త పేరు ఏమని పెడదాం?"

ఇలాంటి సమయం కోసమే కాచుకున్నట్టు పార్టీల కుర్రాళ్ళు లేచి ఎవరి నాయకుడి పేరు వాళ్ళు అరిచారు. ఒకాయన దేవుడి పేరు అన్నాడు. అయితే మా దేవుడి పేరు ఎందుకు పెట్టకూడదని పేటలోంచి ఇంకొకాయన అడిగాడు. మళ్ళీ మొదటికి వచ్చేటట్టుంది. మా బస్సులో కిటికీ దగ్గర కూర్చున్న పగిడ్యాల మనిషి, "పేరు ఏందైనా పెట్టుకోండప్పా, ముందు బస్సును కదలనీండి, నాకు కోర్టు వాయిదా ఉండాది" అని కేకేశాడు.

పెద్దమ్మ ఇంకా నిలబడే ఉంది. "పేర్లు లేకపోయినా లెక్కన్నా ఉండాది గదా సామీ" అంది. "మా ఇంట్లోనూ ముగ్గురే అన్నారు. వాళ్ళింట్లోనూ మూడు ముద్దలే పెట్టినారంట. ముగ్గురి గేటు అనండి."

ఆఫీసరు ఊరి వైపు చూశాడు. అవునని ఎవరూ అనలేదు, కాదని కూడా అనలేదు. పెద్దాయన లేచి, పంచె అంచు పట్టుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటి దారి పట్టాడు. ఆఫీసరు కాగితం మీద రాసుకున్నాడు. జనం రోడ్డు వదిలారు. డ్రైవరు వచ్చి కూర్చుని బండి స్టార్టు చేశాడు. మొదటి గేరులోనే ఇంజను ఆగిపోయింది. అన్నేళ్ళలో ఆయన చేతిలో బండి అలా ఆగడం నేను చూడలేదు. రెండోసారి కదిలింది.

అలా పేరు మారింది. పేపర్లో ఒక మూల చిన్న వార్త వచ్చింది. షెల్టరు మీద రాతను చెరిపి కొత్త పేరు రాశారు. విగ్రహాన్ని పెద్దాయన ఎద్దుల బండిలో ఇంటికి తీసుకుపోయాడు. కానిస్టేబులుకు వేరే మూట అప్పజెప్పారు. స్టాపును మళ్ళీ తెరిచారు. మిషనులో పేరు మారడానికి మాత్రం చాలా కాలం పట్టింది. ఈలోపు నేను టికెట్టు చింపి ఇస్తూ నోటితో కొత్త పేరు చెప్పేదాన్ని. చేతిలో ఒక పేరు, చెవిలో ఒక పేరు. ఊరివాళ్ళు కొందరు పట్టుదలగా పాత పేరే అడిగేవాళ్ళు. నేను ఎవరినీ దిద్దలేదు. కండక్టరు పని దింపడం. దిద్దడానికి వేరే శాఖలున్నాయి.

పేరు మార్చడం మంచిదా కాదా అని మీరు అడిగితే నా దగ్గర పెద్ద సమాధానం లేదు. పేరు మారినందువల్ల పేటలో ఒక్కరికి కూడా సెంటు భూమి రాలేదు. కూలి పెరగలేదు. కానీ కొత్తగా ఎక్కినవాళ్ళు "ఏ ముగ్గురమ్మా?" అని అడిగేవాళ్ళు. పాత పేరు ఉన్నన్నాళ్ళూ ఆయనెవరని ఒక్కరూ అడగలేదు. ఆ తేడా ఒక్కటే నేను చూశాను.

నష్టం మా డ్రైవరుకు జరిగింది. పెద్దాయన ఆయనతో మాట మానేశాడు. ఒకే వీధిలో ఎదురెదురు ఇళ్ళు. తద్దినాలకు పిలవలేదు. పండక్కి పిలవలేదు. వాళ్ళ ఇలవేలుపుకు పొంగలి పెట్టే రోజున ఆయన కుటుంబం వేరే పొయ్యి పెట్టుకుంది. పెద్దాయన మా బస్సు ఎక్కడమే మానేశాడు. నంద్యాలకు పని పడితే ఆటో మాట్లాడుకుని పోయేవాడు. దారిలో మా బస్సు ఎదురైతే ముఖం పొలాల వైపు తిప్పేవాడు. ఒకసారి డ్రైవరు అన్నం దగ్గర, "మా నాయన పోయినాక నన్ను సైకిలెక్కించి బడికి తోల్కపోయింది ఆయప్పే అక్కా" అన్నాడు. నేను నా కూర ఆయన గిన్నెలోకి వంచాను. వద్దనలేదు.

నేను రిటైరు కావడానికి కొద్ది రోజుల ముందు, నంద్యాల బస్టాండులో మధ్యాహ్నం ట్రిప్పుకు జనం ఎక్కుతున్నారు. ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో మందుల సంచి, కళ్ళకు నల్లద్దాలు. పెద్దాయన. కంటి ఆపరేషను చేయించుకుని వస్తున్నాడు. రావలసిన ఆటో రాలేదట. ఎవరో లేచి సీటిచ్చారు. డ్రైవరు వెనక సీటే దొరికింది. డ్రైవరు అద్దంలో చూసి, అద్దం సరిచేసుకున్నాడు. అది సరిగ్గానే ఉంది.

నేను టికెట్లు కొడుతూ ఆయన దగ్గరకు వచ్చాను.

"యాడికి పెద్దాయనా?"

ఆయన నల్లద్దాలు నా వైపు తిరిగాయి. "నీకు తెలీదా?"

"నాకు తెలుసు. మీరు చెప్పాల గదా."

బస్సులో మాటలు తగ్గాయి. రెండు సీట్ల వెనక ఖాళీ గంప ఒళ్ళో పెట్టుకుని పెద్దమ్మ కూర్చుని ఉంది. పాత పేరు చెప్పినా నేను టికెట్టు ఇచ్చేదాన్నే. మా ఊరికి అని చెప్పినా ఇచ్చేదాన్నే. ఆయన మందుల సంచిని ఒక మోకాలి మీద నుంచి రెండో మోకాలి మీదికి మార్చుకున్నాడు. కిటికీ వైపు తిరిగాడు.

"ఆ ముగ్గురి కాడ దింపు" అన్నాడు.

టికెట్టు కొట్టి చేతిలో పెట్టాను. అప్పటికి మిషనులో కూడా కొత్త పేరు వచ్చింది. ఆయన చూసుకోలేదు. చూసుకున్నా ఆ రోజు కనబడేది కాదు.

స్టాపు వచ్చింది. డ్రైవరు బస్సును షెల్టరు అరుగుకు ఆనించినట్టుగా ఆపాడు. ఎంత జాగ్రత్తగా ఆపినా మెట్టుకూ అరుగుకూ మధ్య కొంచెం సందు ఉండిపోయింది. పెద్దాయన మెట్టు మీద నిలబడి కర్రతో ఆ సందును వెతుకుతున్నాడు. డ్రైవరు తన వైపు నుంచి దిగి, బస్సు ముందు నుంచి చుట్టి వచ్చి, అరుగు మీద నిలబడి చెయ్యి చాపాడు. పెద్దాయన ఆ చేతిని చూశాడో, ఎవరిదో తెలుసుకున్నాడో, నల్లద్దాల వెనక ఏముందో నేను చెప్పలేను. చాలాసేపు అలాగే నిలబడ్డాడు. వెనక ఎవరూ తొందరపెట్టలేదు. తర్వాత కర్రను సంచి ఉన్న చేతిలోకి మార్చుకుని, ఆ చెయ్యి పట్టుకున్నాడు.

ఆ ట్రిప్పు ఆళ్ళగడ్డకు ఆలస్యంగా చేరింది. కారణం అడిగారు. ఒక పెద్దాయన దిగడానికి సమయం పట్టిందని రాసిచ్చాను.